ప్రతి నట్టులోనూ ఒక చీకటి రంధ్రం ఉంది

ప్రశ్న: నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న మెషీన్ షాపులో లేత్ ఆపరేటర్‌ని. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేసే అలవాటు ఉంది. షాపులో పక్కన పడేసిన నట్లు, వాషర్లతో మోనాలిసాను నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఉన్న ప్లైవుడ్ పలక మీద చేయాలని ఏడాదిగా పని చేస్తున్నాను. ఎక్కువగా ఎం10 నట్లు, అంటే 10 మిల్లీమీటర్ల బోల్టు పట్టేవి, వాడాను. మెరిసేవి, తుప్పుపట్టినవి వేరుచేసి వెలుగునీడలు తేవాలని చూశాను. సగానికి పైగా అయింది. దగ్గర నుంచి చూస్తే నట్లే కనిపిస్తున్నాయి, దూరం వెళితే అంతా ఒకే బూడిద రంగు. ముఖం మాత్రం రావడం లేదు. ఇంకా చిన్న నట్లతో మళ్ళీ మొదలుపెట్టాలా? పైగా మిత్రులు ‘ఎవరో వేసిన బొమ్మను నట్లతో అతికిస్తే అది నీ కళ ఎలా అవుతుంది’ అంటున్నారు. సలహా చెప్పగలరు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: చిన్న నట్లతో మళ్ళీ మొదలుపెట్టకండి. మీరు పంపిన ఫొటోలను చాలాసేపు చూశాక నాకు కలిగిన మొదటి అభిప్రాయం ఇదే. మీ బొమ్మకు తక్కువైనది నట్ల సంఖ్య కాదు. ఎం10 నట్టు ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు 17 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక మీ పలక నిండడానికి దాదాపు 7,500 నట్లు పడతాయి, అందులో ముఖానికి అడ్డంగా ఇరవై నట్ల దాకా వస్తాయి. ఇది చాలా ఎక్కువ. ఇన్వేడర్ అనే ఫ్రెంచి కళాకారుడు 2005లో ఇదే మోనాలిసాను 330 రూబిక్ క్యూబులతో చేశాడు. క్యూబు ముఖానికి తొమ్మిది గళ్ళ చొప్పున లెక్కవేస్తే 2,970 గళ్ళు, వాటిలో ఉన్నవి ఆరే రంగులు. అయినా చూసినవాళ్ళు ఎవరూ ‘ఇదెవరు’ అని అడగలేదు సరికదా, 2020లో పారిస్ వేలంలో అది 4,80,200 యూరోలకు అమ్ముడుపోయింది. దానికి చాలాకాలం ముందే, 1973లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు చెందిన లియోన్ హార్మన్ లింకన్ ముఖాన్ని రెండు మూడు వందల బూడిద గళ్ళకు కుదించి, కళ్ళు కాస్త చికిలించి చూస్తే ఆ కొద్ది గళ్ళలోనే మనిషిని పోల్చుకోవచ్చునని చూపించాడు. మీ దగ్గర ముఖం ఒక్కదానికే అంతకు రెట్టింపు నట్లున్నాయి.

మరి లోపం ఎక్కడుంది? ఒక నట్టును అరచేతిలో పెట్టుకుని పైనుంచి చూడండి. మధ్యలో 10 మిల్లీమీటర్ల రంధ్రం, చుట్టూ ఆరు మూలల లోహం. వైశాల్యాల లెక్క చూస్తే ఆ రంధ్రం నట్టు పైభాగంలో దాదాపు మూడో వంతు ఆక్రమిస్తుంది. రంధ్రం అడుగున పడేది నీడే కనుక, మీరు ఎంత మెరిసే నట్టును నుదుటి మీద పెట్టినా దానిలో మూడో వంతు చీకటే. నట్టుకూ నట్టుకూ మధ్య మిగిలే సందులు, పై అంచుల వాలు వేసే నీడ దీనికి అదనం. అంటే తెల్లగా ఉండవలసిన చోటు ఎప్పటికీ తెల్లబడదు. నల్లగా ఉండవలసిన చోట తుప్పుపట్టిన నట్టు గోధుమ రంగుకు వచ్చి ఆగుతుంది. ఈ రెండు హద్దుల మధ్య మీకు మిగిలింది చాలా ఇరుకైన బూడిద పట్టీ. లియొనార్దో వేసిన మోనాలిసా నడిచేది మాత్రం విశాలమైన పట్టీ మీద.

ఇంకొక చిక్కు మెరుపుది. జింకు పూసిన నట్టు అద్దం లాంటిది. మీరు ఎడమకు అడుగు వేస్తే అది నల్లబడుతుంది, కుడికి వేస్తే తెల్లబడుతుంది. రంగు పూత అన్ని వైపులకూ ఒకేలా వెలుగును వెదజల్లుతుంది, లోహం అలా చేయదు. షాపులో ట్యూబ్‌లైటు కింద మీరు వేరుచేసిన ‘తెల్ల నట్లు’ గోడకు నిలబెట్టి, పక్కనున్న కిటికీ వెలుగులో చూసేసరికి మరో రంగుకు మారిపోయాయని నా అనుమానం. మీ ఫొటోల్లో రెండోది, సాయంత్రం తీసినది, ఆ అనుమానాన్ని బలపరుస్తోంది.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఇనుముతో చేయడానికి మోనాలిసా అంత పొరపాటు ఎంపిక మరొకటి లేదు. 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పోప్లార్ చెక్క మీద లియొనార్దో వేసిన ఆ ముఖంలో గీత అనేది దాదాపు లేదు. పెదవి చివర ఎక్కడ ఆగుతుందో, చెంప ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టి చూపించలేము. ఆ బొమ్మ ఉన్న పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఎక్స్‌రే పద్ధతులతో జరిపిన పరీక్షల ఫలితాలు 2010లో వెలువడ్డాయి. కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం మాత్రమే ఉన్న పారదర్శకమైన పొరలను ఒకదానిపై ఒకటి వేసి ఆయన ఆ నీడలను తెచ్చాడని వాటిలో తేలింది. పొగలా కరిగిపోయే ఆ ఛాయలను ఇటాలియన్లు స్ఫుమాతో అంటారు. అంచులే తన బలమైన ఇనుప ముక్కను, అంచులే లేని బొమ్మకు వాడబోయారు మీరు. ఈ బొమ్మ ఎంతో ప్రసిద్ధం కనుక, ఎలా చేసినా జనం గుర్తుపడతారన్న ధీమాతో చాలామంది దీన్నే ఎంచుకుంటారు. గుర్తుపట్టించడమే లక్ష్యమైతే ఇన్వేడర్ చేసినట్లు ఆరు రంగులతో మొండిగా చేయవచ్చు. మీరు కోరుకుంటున్నది వెలుగునీడలు కనుక మీ దారి వేరు కావాలి.

ఈ దారిలో నడిచినవాళ్ళు తమ సామగ్రితో పోట్లాడకుండా దాని లోపానికి ఒక ఉపాయం పన్నడం నేను గమనించాను. న్యూయార్క్ కళాకారిణి డెవోరా స్పెర్బర్ 2005లో 5,084 దారపు రీళ్ళతో మోనాలిసాను చేశారు. ఆ రీళ్ళను గొలుసులకు గుచ్చి, బొమ్మ తలకిందులయ్యేలా వేలాడదీశారు. నేరుగా చూస్తే రంగురంగుల రీళ్ళ తెర, అంతే. ముందు ఒక స్టాండు మీద పెట్టిన పారదర్శకమైన అక్రిలిక్ గోళంలోంచి చూస్తే బొమ్మ చిన్నదై, నిటారుగా మారి కనిపిస్తుంది. ఆ గోళం అలంకారానికి పెట్టినది కాదు. మామూలు చూపు ఉన్న కన్ను దాదాపు మూడున్నర మీటర్ల దూరం నుంచి కూడా ఒక మిల్లీమీటరు ఎడాన్ని విడిగా చూడగలదు. ఆ లెక్కన మీ 17 మిల్లీమీటర్ల నట్లు పూర్తిగా కలిసిపోవాలంటే చూసేవాళ్ళు 58 మీటర్ల దూరంలో నిలబడాలి. అంత పొడుగైన హాలు ఎవరిస్తారు? స్పెర్బర్ ఆ దూరాన్ని గాజులాంటి ఒక బంతిలో ఇమిడ్చారు. బైకు అద్దం లాంటి కుంభాకార దర్పణం కూడా ఈ పనికి కొంత ఉపయోగపడుతుంది, ఇప్పటికే అతికించిన భాగాన్ని దానిలో ఒకసారి చూసుకోండి.

బ్రెజిల్‌కు చెందిన వీక్ మునీజ్ ఉపాయం ఇంకొకటి. తుక్కు వస్తువులతో ఆయన చేసిన బొమ్మల వరుసలో పాత ఇటాలియన్ చిత్రకారులు కారవాజ్జో వేసిన నార్సిసస్ ఉంది, బొత్తిచెల్లి వేసిన వీనస్ ఉంది. పెద్ద షెడ్డు నేల మీద టైర్లు, పైపులు, యంత్ర భాగాలు పరిచి, ఎత్తయిన మంచె మీద నుంచి ఫొటో తీస్తారు. ఆ ఫొటోయే చివరి కళాకృతి, కింద పరిచిన తుక్కును తరవాత తీసేస్తారు. మీకు పనికొచ్చేది అందులోని ఒక చిన్న విషయం. వెలుగు పడవలసిన చోట ఆయన మెరిసే వస్తువు కోసం వెతకలేదు, నేలను ఖాళీగా వదిలేశారు. తుక్కు అంతా నీడ పక్షం, ఖాళీ అంతా వెలుగు పక్షం. మీరు పలక మొత్తాన్ని నట్లతో కప్పాలని ఎందుకు అనుకున్నారు? ఎవరూ మీకు ఆ నియమం పెట్టలేదు.

ఇనుముకు తగిన బొమ్మ ఏదని అడిగితే నా జవాబు పదిహేనో శతాబ్దపు ఇటాలియన్ చిత్రకారుడు ఆంద్రెయా మాంతెన్యా వేసిన మృత క్రీస్తు. మిలాన్‌లోని బ్రెరా చిత్రశాలలో ఉంది. 68 సెంటీమీటర్ల ఎత్తు, 81 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బట్ట మీద తెంపెరాతో (గుడ్డుసొనతోనో జిగురుతోనో కలిపిన రంగుతో), 1480 ప్రాంతంలో వేశాడని చెబుతారు. మాంతెన్యా 1506లో మరణించేనాటికి అది ఆయన పనిశాలలోనే ఉంది, అప్పులు తీర్చడానికి కొడుకు దాన్ని అమ్మాడు. రాతి పలక మీద పడుకోబెట్టిన దేహాన్ని మనం పాదాల వైపు నుంచి చూస్తాం. అరికాళ్ళు మన ముఖానికి ఎదురుగా ఉంటాయి, తల దూరాన ఉంటుంది, దేహమంతా ఒక చిన్న చతురస్రంలోకి కుంచించుకుపోతుంది. ఎడమ అంచున ఏడుస్తున్నవారి ముఖాలు సగం కోసినట్లు కనిపిస్తాయి. దగ్గరివి పెద్దవిగా, దూరపువి చిన్నవిగా కనిపించే దృష్టి సూత్రం కచ్చితంగా పాటించి ఉంటే పాదాలు ఇంకా పెద్దవై మిగతా దేహాన్ని కప్పేసేవి, అందుకే ఆయన వాటిని కావాలని చిన్నవి చేశాడు. శాస్త్రం తెలిసి, అవసరమైన చోట దాన్ని పక్కన పెట్టిన చేయి అది.

ఈ బొమ్మ మీకు నప్పుతుందనడానికి మొదటి కారణం దాని రంగు. బూడిద, మట్టి, వెలిసిన గులాబీ ఛాయలు తప్ప అందులో పెద్దగా ఏమీ లేవు, కనుక మీ ఇరుకైన పట్టీ దానికి సరిపోతుంది. మాంతెన్యా మనుషులు మాంసంతో కాక పాత పాలరాతి విగ్రహాల్లా ఉంటారని, అలాంటప్పుడు వాళ్ళకు రాతి రంగే వేసి ఉంటే బాగుండేదని ఆయన గురువు స్క్వార్చోనే ఎత్తిపొడిచాడని ఆ కాలపు చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వాసారి రాశాడు. మాంతెన్యా తన చివరి సంవత్సరాల్లో నిజంగానే రాతి చెక్కడంలా, కంచులా కనిపించే బొమ్మలు వేశాడు. వాటిలో కొన్ని లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. గట్టి అంచులు, లోహపు రేకులా మడతలు పడిన వస్త్రం ఆయన సహజ ధోరణి. మెషీన్ షాపులో మిగిలే రేకు ముక్కలను అంచు మీద నిలబెట్టి దేహాన్ని కప్పిన ఆ వస్త్రం మడతలు చేస్తే, మీరు రంగును అనుకరించినట్లు ఉండదు, ఆయన గీసిన గీతనే మళ్ళీ గీసినట్లు ఉంటుంది.

రెండో కారణం చెప్పే ముందు వెలుగునీడల పని. మీకు కనీసం ఏడెనిమిది మెట్ల ఛాయలు కావాలి, అవన్నీ మీ షాపులోనే ఉన్నాయి. అన్నిటికన్నా లేత ఛాయకు నట్టును పూర్తిగా మానేసి, ప్రెస్సు మీద రేకుకు రంధ్రాలు కొట్టినప్పుడు కింద రాలే బిళ్ళలను వాడండి. వాటికి రంధ్రం ఉండదు. సన్న ఎమరీ పేపరుతో గుండ్రంగా రుద్దితే అద్దం మెరుపు పోయి మసకబారిన తెలుపు వస్తుంది, ఏ వైపు నుంచి చూసినా నిలకడగా ఉంటుంది. తరవాతి మెట్టుకు చిన్న రంధ్రం ఉన్న వాషర్లు, ఆ తరవాత జింకు నట్లు, ఆపైన పూత లేని ఇనుము. నలుపుకు తుప్పును నమ్ముకోవద్దు, నల్లపూత ఉన్న అలెన్ బోల్టుల తలలు అంతకంటే చాలా ముదురు, వాటి మధ్య గుంట కూడా మీకు అనుకూలమే. తుప్పు గోధుమ ఛాయను చర్మం నీడల కోసం దాచుకోండి. పాలిష్ చేసిన ఉక్కును మెల్లగా వేడిచేస్తే 220, 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డి పసుపు, 300 దగ్గర నీలం వస్తుందని మీకు నాకంటే బాగా తెలుసు, లేత్ మీద వేగంగా కోసినప్పుడు నీలంగా చుట్టలు తిరిగి వచ్చే తురుమును రోజూ ఊడ్చి పారేస్తున్నారు కదా. శవం పెదవుల మీది నీలి ఛాయకు, చుట్టలు తిరిగిన జుట్టుకు దానికంటే మంచి సామగ్రి ఏ రంగుల దుకాణంలోనూ దొరకదు. తురుము అంచులు చేతులు కోస్తాయి, పట్టకారు వాడండి. జింకు పూసిన వస్తువులను మాత్రం వేడిచేయవద్దు, వెల్డింగ్ చేయవద్దు. ఆ పొగ పీలిస్తే ఆ రాత్రికే చలిజ్వరం వచ్చినట్లవుతుంది.

అతికించే ముందు కటింగ్ ఆయిలు పూర్తిగా పోయేలా వాషింగ్ సోడా కలిపిన వేడినీటిలో కడిగి, వెంటనే ఆరబెట్టండి. నూనె మీద ఎపాక్సీ జిగురు పట్టదు. పూర్తయ్యాక వాడే లక్క పూత ఏదైనా అన్ని ఛాయలనూ కొంచెం ముదురు చేస్తుంది కనుక, మీ మెట్లను పూత వేసిన తరవాతే నిర్ణయించుకోండి. చాలా ఏళ్ళ కిందట నేను ఇత్తడి వాషర్లను ఇనుప రేకు మీద నేరుగా బిగించి, పూత అక్కరలేదనుకుని, సముద్రం దగ్గర ఊళ్ళో ఒక వరండాలో వేలాడదీశాను. ఒక్క వానాకాలం గడిచేసరికి ఇత్తడి తాకిన చోటల్లా ఇనుము తినేసినట్లు గుంటలు పడి, తుప్పు నీళ్ళు కన్నీళ్ళలా గోడ మీదికి కారాయి. రెండు వేర్వేరు లోహాలు తేమలో తాకితే బలహీనమైనది ముందు పోతుంది. మధ్యలో ఎపాక్సీ పొర ఉంచండి.

బరువు సంగతి మీరు ఉత్తరంలో ఎత్తలేదు. ఎం10 నట్టు 11, 12 గ్రాములు తూగుతుంది కాబట్టి మీ 7,500 నట్లు 85 కిలోలకు పైమాటే, ప్లైవుడ్ బరువు వేరే. ఆ పలకను మేకుల మీద గోడకు వేలాడదీయాలనే ఆలోచన ఉంటే మానుకోండి. యాంగిల్ ఇనుముతో చట్రం చేసి, బరువంతా నేల మీదికి దిగేలా కాళ్ళు ఇచ్చి, గోడకు వెనక్కి పట్టి ఉంచే బిగింపు మాత్రమే పెట్టండి. మాంతెన్యా బొమ్మను రెండింతల కొలతలో, అంటే 136 సెంటీమీటర్ల ఎత్తు, 162 సెంటీమీటర్ల వెడల్పుతో చేస్తే సరిపోతుంది. వెలుగున్న భాగాల్లో పలుచని బిళ్ళలు, ఖాళీ పలక వస్తాయి కనుక బరువు కూడా తగ్గుతుంది. దీపం మాత్రం ఒకే పక్క నుంచి, ఒకే కోణంలో పడేలా ముందే బిగించి, ఆ దీపం కిందే పని చేయండి.

మీ మిత్రుల మాటకు వస్తే, ‘కాపీ’ అనేది పునరుజ్జీవన యుగంలో తిట్టు కాదు, రోజువారీ పని. మాద్రిద్‌లోని ప్రాదో మ్యూజియంలో ఒక మోనాలిసా ఉంది. 2012లో దాని మీది నల్ల పూతను తొలగించి పరిశీలిస్తే, లియొనార్దో పనిశాలలోనే, ఆయన అసలు బొమ్మ వేస్తున్న కాలంలోనే పక్కన ఎవరో వేసినదని తేలింది. గురువు దిద్దుకున్న చోట ఆ చేయి కూడా దిద్దుకుంది. ఇక సామాన్లతో ముఖాలు కట్టడం కూడా కొత్తది కాదు. మిలాన్‌కు చెందిన ఆర్చింబోల్దో 1566లోనే ‘అగ్ని’ అనే పేరుతో కొవ్వొత్తి, చెకుముకి, తుపాకీ, ఫిరంగి గొట్టాలతో ఒక మనిషి తలను చిత్రించాడు, అది ఇప్పుడు వియన్నాలో ఉంది. అయితే మీ మిత్రుల ప్రశ్నలో ఒక నిజం లేకపోలేదు. ఏ బొమ్మనైనా ఏ వస్తువుతోనైనా చేయవచ్చు అన్నప్పుడు, ఆ వస్తువు అక్కడ ఎందుకు ఉందో చెప్పలేకపోతే అది నేర్పు ప్రదర్శనగా మిగిలిపోతుంది. మోనాలిసా నట్లతోనే ఎందుకు? మీ ఉత్తరంలో దానికి జవాబు లేదు. షాపులో నట్లు ఉన్నాయి అన్నది జవాబు కాదు.

చట్టం విషయంలో భయం లేదు, అయిదు వందల ఏళ్ళనాటి చిత్రాలకు కాపీరైటు ఉండదు. కాకపోతే ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లోని చిత్రాలను వ్యాపారానికి వాడుకోవడానికి అక్కడి 2004 నాటి చట్టం అనుమతి, రుసుము అడుగుతుంది. బొత్తిచెల్లి వీనస్‌ను దుస్తుల మీద ముద్రించినందుకు ఉఫ్ఫీజీ మ్యూజియం 2022లో ఒక ఫ్యాషన్ సంస్థ మీద దావాకు దిగింది. మీ పనిని ఇటలీలో అమ్మే రోజు వస్తే అప్పుడు వకీలును కలవండి.

నేను ఇందాక వాయిదా వేసిన రెండో కారణం ఇది. మాంతెన్యా చిత్రంలో మేకులు లేవు. వాటిని పీకేశారు. రెండు చేతుల మీద, రెండు అరికాళ్ళలో నాలుగు రంధ్రాలు మాత్రం ఉన్నాయి, వాటి అంచున చర్మం ఎండిపోయి, చిరిగిన కాగితంలా కొద్దిగా పైకి లేచి ఉంటుంది, రక్తం లేదు. మీ నట్టు కూడా అలాంటిదే, బోల్టు తీసేశాక మిగిలే రంధ్రం. ఏడాదిగా మీ బొమ్మ ముఖాన్ని చెడగొట్టిన ఆ చీకటి గుంటే ఇక్కడ కావలసిన వస్తువు. దేహం మీద వచ్చే ప్రతి నట్టు రంధ్రాన్నీ వెనక నుంచి బిళ్ళతోనో, ఎపాక్సీతోనో పూడ్చేయండి. ఆ నాలుగు చోట్ల మాత్రం నాలుగు పాత నట్లను, మరలు అరిగిపోయినవాటిని, పూడ్చకుండా వదలండి. వాటి వెనక పలకకు కూడా రంధ్రం చేయండి, లోపల నిజమైన చీకటి ఉండాలి. చుట్టూ చర్మం లేచినట్లు కనిపించడానికి సన్న రేకును కత్తిరించి పైకి మడిస్తే సరిపోతుంది.

ముందుగా ఒక అడుగు చతురస్రం ముక్క మీద కుడి అరికాలు ఒక్కటే చేయండి. దానికి ఒకటి రెండు ఆదివారాలు పట్టవచ్చు. పూత వేసి, దీపం బిగించి, షాపు ఆ చివరి నుంచి ఒక ఫొటో, చేయి చాచినంత దగ్గర నుంచి ఒక ఫొటో తీసి పంపండి. సగం అయిన మోనాలిసాను విప్పకండి, దాని నట్లు తీసుకుని కొత్తదానికి వాడాలనిపిస్తుంది, అయినా ఆగండి. మీ ఛాయల మెట్లు సరిచూసుకోవడానికి అది పక్కనే ఉండాలి.